పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అంతర్యుద్ధానికి ముందరి అమెరికా

గత సంచికలో అబ్రహాం లింకన్‌పై వచ్చిన వ్యాసం చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం లింకన్ గురించి కాదు. ఆయన అధ్యక్షుడు కావడానికి ముందు ముప్పై నలభై ఏళ్లపాటు ఆ దేశంలో ఏం జరిగిందన్న దాని గురించే. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా కోచింగ్ నోట్సులో అమెరికా అంతర్యుద్ధానికి రాష్ట్రాల హక్కులు, దిగుమతి సుంకాలు, బానిసత్వం అని మూడు కారణాలు వరసగా ఇచ్చారు. మూడింటికీ సమాన ప్రాధాన్యం ఇవ్వవచ్చునా?
– గ్రూప్స్ అభ్యర్థి, గుంటూరు

జవాబు: ఇవ్వకూడదు. పరీక్షలో మూడూ రాస్తే మార్కులు పడవచ్చు గాని, మొదటి రెండింటి లోతుకు వెళ్లి చూస్తే అడుగున కనిపించేది మూడోదే.

ముందు సుంకాల సంగతి చూద్దాం. 1828లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) దిగుమతి సుంకాలను బాగా పెంచింది. పత్తిని ఇంగ్లండుకు అమ్మి అక్కడి సరుకులు కొనుక్కునే దక్షిణాది వారికి అది కంటగింపైంది. 1832 నవంబరులో దక్షిణ కరోలినా ఆ సుంకాల చట్టాలు తన గడ్డమీద చెల్లవని ప్రకటించింది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ స్వయంగా దక్షిణాది వాడూ, బానిసల యజమానీ అయినప్పటికీ, అవసరమైతే సైన్యాన్ని దించుతానని హెచ్చరించాడు. మరే దక్షిణాది రాష్ట్రమూ కరోలినాకు తోడు రాలేదు. 1833లో సుంకాలను క్రమంగా తగ్గించే రాజీ కుదిరి గొడవ చల్లారింది. 1846లోనూ, 1857లోనూ అవి ఇంకా తగ్గాయి. 1860 డిసెంబరులో దక్షిణ కరోలినా దేశం నుంచి విడిపోయే నాటికి అమలులో ఉన్నది, దక్షిణాది సభ్యులు మెచ్చి ఓటు వేసిన ఆ 1857 నాటి చట్టమే. సుంకాలను మళ్లీ పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చిలో గాని ఆమోదం పొందలేదు. అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయి, వాటి సభ్యుల స్థానాలు ఖాళీ అయ్యాయి. వెళ్లిపోయిన తరువాత వచ్చిన చట్టం వెళ్లిపోవడానికి కారణం ఎలా అవుతుంది? పైగా సుంకాలపై పోరాటానికి సూత్రధారి అయిన జాన్ కాల్హౌన్ 1830లోనే ఒక మిత్రుడికి రాసిన లేఖలో, సుంకం ఒక సందర్భం మాత్రమేనని, అసలు కారణం దక్షిణాదికే ప్రత్యేకమైన వ్యవస్థ, అంటే బానిసత్వం అని ఒప్పుకున్నాడు.

ఇక రాష్ట్రాల హక్కులు, అంటే కేంద్రం జోక్యాన్ని కాదనే అధికారం రాష్ట్రాలకు ఉందన్న వాదన. 1850లో కాంగ్రెస్ చేసిన పరారీ బానిసల చట్టం దక్షిణాది పట్టుబట్టి సాధించుకున్నది. తప్పించుకున్న బానిసను పట్టి అప్పగించే పనిని ఆ చట్టం కేంద్ర ప్రభుత్వ అధికారుల చేతుల్లో పెట్టింది. అవసరమైతే వీధిలో పోయే పౌరుడు కూడా వారికి సాయపడి తీరాలంది. కేంద్రం అధికారాన్ని రాష్ట్రాల గడప లోపలికి అంత బలంగా తెచ్చిన చట్టం అంతకుముందు లేదు. దాన్ని అడ్డుకోవడానికి రాష్ట్రాల హక్కులను ఆశ్రయించినది ఉత్తరాది వారు. విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పగా, 1859లో దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది; దక్షిణాది అందుకు సంతోషించింది. విడిపోయేటప్పుడు దక్షిణ కరోలినా విడుదల చేసిన కారణాల ప్రకటనలో ఉత్తరాది రాష్ట్రాలు పరారీ అయిన వారిని అప్పగించడం లేదన్నది పెద్ద ఫిర్యాదు. బానిసను వెంటబెట్టుకుని న్యూయార్క్ మీదుగా ప్రయాణించడానికి కూడా వీలు లేకుండా పోయిందన్నది మరో ఫిర్యాదు. అంటే ఇతర రాష్ట్రాలు తమ హక్కులను వాడుకోవడమే దాని బాధ. మిసిసిపీ ఇంత డొంకతిరుగుడు కూడా లేకుండా, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉన్నదని మొదటి వాక్యాలలోనే రాసుకున్నది. విడిపోయినవారు రాసుకున్న కొత్త రాజ్యాంగం బానిసలపై యాజమాన్య హక్కును హరించే చట్టమేదీ తమ కాంగ్రెస్ చేయరాదని నిషేధించింది.

ప్రశ్న: దక్షిణాది తెల్లవారిలో చాలామందికి బానిసలే లేరని చదివాను. మరి వారు తమది కాని ఆస్తి కోసం ఎందుకు ప్రాణాలకు తెగించారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: మీరు చదివినది నిజమే గాని, ఆ లెక్కను కొంచెం విప్పి చూడాలి. 1860 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 39.5 లక్షల మంది బానిసలు ఉండగా, వారి యజమానులుగా నమోదైనవారు నాలుగు లక్షల లోపే. అయితే యజమానిగా పేరు నమోదయ్యేది ఇంటిపెద్దది; ఆ ఆస్తి అనుభవించేది ఇంటిల్లిపాదీ. కుటుంబాల వారీగా చూస్తే బానిసత్వం ఉన్న రాష్ట్రాలన్నింటిలో కలిపి దాదాపు నాలుగింట ఒక కుటుంబానికి బానిసలు ఉండేవారు. మిసిసిపీ, దక్షిణ కరోలినాలలో దాదాపు సగం కుటుంబాలకు ఉండేవారు. ముందుగా విడిపోయిన రాష్ట్రాలు ఈ రెండే కావడం కాకతాళీయం కాదు.

బానిసలు లేని చిన్న రైతు కూడా ఆ వ్యవస్థకు వెలుపల లేడు. తన నాలుగు బేళ్ల పత్తిని గింజ తీయించుకోవడానికి అతడు పక్కనున్న పెద్ద భూస్వామి జిన్నుకే తోలుకుపోవాలి, తరచుగా అప్పుకూ అతని గుమ్మమే ఎక్కాలి. పత్తి ధర బాగున్న రెండేళ్లు కలిసొస్తే తానూ ఒక బానిసను కొనాలన్నది అతని ఆశ. రాత్రిపూట గుర్రాలెక్కి దారులు కాసి, చీటీ లేకుండా తిరిగే నల్లవారిని పట్టుకునే గస్తీ దళాలలో అతడూ ఉండేవాడు. ఎంత పేదవాడైనా తనకంటే కింద శాశ్వతంగా ఒక జాతి ఉన్నదన్న భరోసాను ఆనాటి నాయకులు అతనికి అహర్నిశలూ నూరిపోశారు.

భయం మాట కూడా చెప్పాలి. 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నాయకత్వంలో జరిగిన తిరుగుబాటులో సుమారు అరవై మంది తెల్లవారు చనిపోయారు. ప్రతీకారంగా, తిరుగుబాటుతో సంబంధం లేని నల్లవారిని సైతం మూకలు చంపాయి. ఆ మరుసటి జనవరిలో వర్జీనియా శాసనసభ ఒక అరుదైన పని చేసింది: బానిసత్వాన్ని తొలగించే దిశగా చర్యలు చేపట్టాలా వద్దా అని బహిరంగంగా చర్చించింది. ప్రతిపాదన 73–58 ఓట్లతో వీగిపోయింది. దక్షిణాదిలో ఏ శాసనసభలోనూ అంతటి చర్చ మళ్లీ జరగలేదని చెప్పవచ్చు. బానిసలకు చదువు నేర్పడాన్ని నేరంగా చేసే చట్టాలు పలు రాష్ట్రాలలో బిగుసుకున్నాయి. దేశ స్థాపకులలో ఒకడైన జెఫర్సన్ తరం నాయకులు బానిసత్వాన్ని వదిలించుకోలేని చెడుగా చెప్పుకునేవారు. 1837 నాటికి కాల్హౌన్ సెనేట్‌లో నిలబడి అది మేలేనని వాదించాడు.

ఈ మార్పు వెనుక ఉన్నది పత్తి. 1793లో ఎలీ విట్నీ జిన్ను యంత్రం వచ్చాక, గింజను గట్టిగా పట్టుకుని ఉండే పొట్టి పింజ పత్తిని కూడా లాభసాటిగా పండించడం సాధ్యమైంది. 1860 నాటికి దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. ఆ భూములు ఖాళీగా దొరికినవి కావు. 1830 నాటి చట్టంతో చెరొకీ మొదలైన ఆదివాసీ జాతులను మిసిసిపీ నదికి పడమర వైపునకు తరిమి సంపాదించినవి. 1838–39లో చెరొకీలు ఒక్కరే ఆ ప్రయాణంలో సుమారు నాలుగు వేల మందిని పోగొట్టుకున్నారు. అక్కడ పని చేయడానికి వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి దాదాపు పది లక్షల మంది బానిసలను కొత్త పత్తి సీమలకు తరలించారు. కుటుంబాలను విడదీసి అమ్మడం ఆ వ్యాపారంలో నిత్యకృత్యం. పొద్దు వాలాక జిన్నింగ్ కొట్టం దగ్గర ఒక్కొక్కరి బుట్టనూ తూకం వేసేవారు. ఎవరెంత ఏరాలో ముందే నిర్ణయమై ఉండేది. తూకం తగ్గినవారికి కొరడా దెబ్బలు. పత్తి తీత ఎరిగిన మన పాఠకులకు, మునివేళ్లు చీరుకుపోయే ఆ పనిలో ఈ తూకం ఏమిటో వివరించనక్కరలేదు.

ప్రశ్న: ఉత్తరాది రాష్ట్రాలు బానిసత్వాన్ని ముందే రద్దు చేశాయి కదా. అక్కడి ప్రజలు నల్లవారిని సమానులుగా చూశారా?
– కళాశాల అధ్యాపకురాలు, విశాఖపట్నం

జవాబు: అధిక సంఖ్యాకులు చూడలేదు. 1860లో నల్లవారికి తెల్లవారితో సమానంగా ఓటు హక్కు ఇచ్చినవి న్యూ ఇంగ్లండ్ అనే ఈశాన్య ప్రాంతంలోని అయిదు రాష్ట్రాలు మాత్రమే. న్యూయార్క్‌లో 250 డాలర్ల ఆస్తి ఉన్న నల్లవాడికే ఓటు. తెల్లవాడికి ఆ షరతు లేదు. లింకన్ సొంత రాష్ట్రమైన ఇల్లినాయ్ 1853లో బయటి నల్లవారు వచ్చి స్థిరపడకుండా చట్టం చేసింది. లింకన్ కూడా 1858లో సెనేట్ ఎన్నికలో తన ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్‌తో వాదించేటప్పుడు, రెండు జాతులకూ సామాజిక, రాజకీయ సమానత్వం కల్పించడం తన ఉద్దేశం కాదని సభాముఖంగా చెప్పాడు. ఆయన భక్తులకు ఇది రుచించదు గాని, అది అచ్చయిన మాటే.

అందుచేత మూడు రకాల వారిని వేరు చేసి చూడాలి. బానిసత్వాన్ని వెంటనే, అంతటా రద్దు చేయాలన్నవారు ఎప్పుడూ కొద్దిమందే. విలియం లాయిడ్ గారిసన్ 1831లో తన పత్రిక ప్రారంభించినప్పుడు బోస్టన్ పెద్దమనుషులు అతన్ని పిచ్చివాడి కింద జమకట్టారు, 1835లో ఒక మూక అతని నడుముకు తాడు కట్టి వీధుల్లో ఈడ్చింది. 1837లో ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో ఇలైజా లవ్‌జాయ్ అనే పత్రికా సంపాదకుణ్ణి మూక కాల్చి చంపింది. రెండో రకం వారు చాలా ఎక్కువ: బానిసత్వం ఉన్నచోట ఉండనీ, పడమటి కొత్త భూములకు మాత్రం రాకూడదు అనేవారు. వీరిలో చాలామందికి నల్లవారి మీద జాలికన్నా, బానిసల చాకిరీతో పోటీపడి తమ బిడ్డలు బతకలేరన్న బెంగ ఎక్కువ. మూడో రకం, దక్షిణాది పత్తితోనే బతుకుతున్న న్యూయార్క్ వర్తకులు, మిల్లుల యజమానులు. వీరికి ఈ గొడవే గిట్టదు.

ఈ మధ్యస్థులను కదిలించినది ఉపన్యాసాల కన్నా పరారీ బానిసల చట్టమే. ఆ చట్టం కింద పట్టుబడినవారికి జూరీ విచారణ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనర్ ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే పది డాలర్లు, విడిచిపెడితే అయిదు డాలర్లు ఫీజు. 1854 మేలో వర్జీనియా నుంచి పారిపోయి వచ్చి బోస్టన్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసుకుంటున్న ఆంథొనీ బర్న్స్‌ను పట్టుకున్నారు. విడిపించడానికి జనం కోర్టు భవనంపై దాడి చేయగా ఒక కాపలాదారు చనిపోయాడు. జూన్ 2న అతన్ని ఓడ ఎక్కించడానికి రేవుకు నడిపించుకుపోయారు. ఒక్క మనిషిని తీసుకుపోవడానికి సైనిక పటాలాలు, ఫిరంగి. దారికి రెండు వైపులా వేలాది మంది. దుకాణాల ముందు నల్లగుడ్డలు. వీధికి అడ్డంగా వేలాడదీసిన ఒక శవపేటిక మీద ‘స్వేచ్ఛ’ అన్న అక్షరాలు. నిన్నటిదాకా సర్దుకుపోదామన్న తాము మర్నాడు లేచేసరికి వీర బానిసత్వ నిర్మూలనవాదులమయ్యామని ఆ ఊరి ధనిక మిల్లు వ్యాపారి ఏమస్ లారెన్స్ రాశాడు. మరుసటి ఏడాది బోస్టన్ వాసులు చందాలు పోగుచేసి 1,300 డాలర్లకు బర్న్స్‌ను కొని విడిపించారు. అతడు ఒబర్లిన్‌లో చదువుకుని, కెనడాలో మతబోధకుడై, 1862లో అక్కడే మరణించాడు.

ప్రశ్న: 1820లో, 1850లో రాజీలు కుదిరాయి కదా. ఆ తరువాత పదేళ్లలోనే రాజీ ఎందుకు అసాధ్యమైంది?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

జవాబు: ఆ రాజీలు సమస్యను తీర్చినవి కావు, దాని గురించి మాట్లాడకుండా ఉండడానికి చేసుకున్న ఏర్పాట్లు. 1836 నుంచి 1844 వరకు ప్రతినిధుల సభ బానిసత్వంపై ప్రజలు పంపే అర్జీలను చర్చకు తీసుకోకుండానే పక్కన పెట్టాలని నియమం పెట్టుకున్నది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ముసలితనంలో ఆ నియమంపై ఎనిమిదేళ్లు పోరాడి ఎత్తివేయించాడు.

1820 రాజీ ప్రకారం మిజోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రంగా, మెయిన్ లేని రాష్ట్రంగా చేరాయి. సెనేట్‌లో రెండు పక్షాల బలం సమానంగా నిలిచింది. ఫ్రాన్స్ నుంచి కొన్న లూసియానా భూములలో, మిజోరీ మినహా, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం నిషేధం. కొత్త భూములు రానంతకాలం ఈ గీత పనిచేసింది. తరువాతి కథ మీరుంటున్న టెక్సాస్‌తో మొదలవుతుంది. అప్పట్లో అది మెక్సికోలో భాగం. మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది. అక్కడ స్థిరపడిన అమెరికన్ పత్తి రైతులు 1836లో విడిపోయి, 1845లో అమెరికాలో కలిశారు. ఆ వెంటనే వచ్చిన యుద్ధంలో మెక్సికో నుంచి కాలిఫోర్నియా దాకా భూమి చేజిక్కింది. అందులో బానిసత్వం ఉండరాదన్న విల్మట్ ప్రతిపాదన ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ఆ ఓట్లు పార్టీల వారీగా కాక ఉత్తర దక్షిణాల వారీగా చీలాయి; నా దృష్టిలో అసలు ప్రమాద సూచిక అదే.

1850 రాజీని సెనేటర్ హెన్రీ క్లే ఒకే మూటగా ప్రవేశపెట్టగా అది ఓడిపోయింది. స్టీఫెన్ డగ్లస్ దాన్ని ముక్కలు చేసి విడివిడిగా నెగ్గించాడు. ఒక్కో ముక్కకు ఒక్కో ప్రాంతం వారు ఓటు వేశారు గాని, మొత్తం రాజీని కోరుకునే మెజారిటీ ఎప్పుడూ లేదు. 1854లో అదే డగ్లస్, పడమటికి రైలు మార్గం వేయించే తొందరలో, కాన్సాస్–నెబ్రాస్కా చట్టం తెచ్చి 1820 నాటి గీతను చెరిపివేశాడు. బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడి జనమే ఓటుతో తేల్చుకోవాలన్నాడు. వినడానికి ప్రజాస్వామ్యంగానే ఉంది. 1855 మార్చిలో కాన్సాస్ శాసనసభకు ఎన్నికలు జరిగితే, ఓటర్లు 2,905 మంది ఉన్నచోట 6,307 ఓట్లు పోలయ్యాయి. పక్కనున్న మిజోరీ నుంచి ఆయుధాలతో గుంపులుగా వచ్చి దొంగ ఓట్లు వేసి వెళ్లారు. ఆ శాసనసభ బానిసత్వానికి అనుకూలంగా చట్టాలు చేసింది, ఎదుటివారు పోటీ ప్రభుత్వం పెట్టుకున్నారు, తుపాకులు పేలాయి. ఈలోగా అప్పటి రెండు పెద్ద పార్టీలలో ఒకటైన విగ్ పార్టీ కూలిపోయి, బానిసత్వ విస్తరణకు వ్యతిరేకంగా రిపబ్లికన్ పార్టీ పుట్టింది.

1856 మే 22న సెనేట్ సమావేశ మందిరంలోనే, కాన్సాస్‌పై ఘాటుగా ప్రసంగించిన మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ను, తన బంధువైన సెనేటర్‌ను అవమానించాడన్న కోపంతో దక్షిణ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు. కోర్టు 300 డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. బ్రూక్స్ రాజీనామా చేయగా అతని నియోజకవర్గం తిరిగి అతన్నే ఎన్నుకున్నది, అభిమానులు కొత్త కర్రలు కానుకగా పంపారు. సమ్నర్ కోలుకోవడానికి మూడేళ్లు పట్టింది. మసాచుసెట్స్ ఆ స్థానాన్ని మరొకరికి ఇవ్వకుండా ఖాళీగానే ఉంచింది. 1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో సుప్రీంకోర్టు మిగిలిన దారి కూడా మూసివేసింది: నల్లవారు పౌరులు కాలేరని, కొత్త భూములలో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని చెప్పింది. రాజీ కుదుర్చుకోవాలంటే ఇచ్చిపుచ్చుకునే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి కదా. ఈ తీర్పు దాన్ని కాంగ్రెస్ చేతి నుంచి లాగేసింది. 1859లో బానిసత్వ నిర్మూలనవాది జాన్ బ్రౌన్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై దాడి చేసి ఉరికంబమెక్కాడు. 1860లో డెమోక్రటిక్ పార్టీ రెండుగా చీలింది. దక్షిణాదిలో పది రాష్ట్రాలలో తన పేరుతో బ్యాలెట్టే లేకపోయినా, 40 శాతం లోపు ఓట్లతో లింకన్ గెలిచాడు. ఉన్నచోట బానిసత్వం జోలికి రానని ఆయన ఎంత చెప్పినా, విస్తరణను అడ్డుకుంటే నేడు కాకపోతే రేపు అది కృశిస్తుందని దక్షిణాది నాయకులు లెక్కవేశారు.

ప్రశ్న: అమెరికా యుద్ధం వల్ల మన పత్తికి ధర వచ్చిందని పెద్దలు చెప్పేవారు. యుద్ధానికి ముందు కూడా ఏమైనా సంబంధం ఉందా?
– పత్తి వ్యాపారి, ఆదోని

జవాబు: ఉంది. బ్రిటిష్ మిల్లులకు కావలసిన పత్తిలో మూడు వంతులకు పైగా అమెరికా నుంచే వచ్చేది. ఈ పరాధీనత నచ్చక ఈస్టిండియా కంపెనీ 1840లో పదిమంది అమెరికన్ పత్తి సేద్యగాళ్లను విత్తనాలతో, జిన్నులతో సహా భారతదేశానికి రప్పించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో కోయంబత్తూరు దగ్గర వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ ఆధ్వర్యంలో ప్రయోగాలు సాగాయి. ధార్వాడ ప్రాంతంలో తప్ప ఆ పత్తి పెద్దగా నిలదొక్కుకోలేదు. 1858లో దక్షిణ కరోలినా సెనేటర్ జేమ్స్ హామండ్, పత్తి రాజు వంటిదని, దానిపై యుద్ధానికి ప్రపంచంలో ఏ శక్తీ సాహసించదని సెనేట్‌లో బీరాలు పలికాడు. యుద్ధకాలంలో అమెరికా పత్తి ఆగిపోయినప్పుడు ఇంగ్లండు ఈజిప్టు వైపు, మన దేశం వైపు తిరిగింది. ధరలు ఎగిసి, 1865లో యుద్ధం ముగియగానే పడిపోయాయి.

ప్రశ్న: బ్రిటన్ లాగా యజమానులకు పరిహారం ఇచ్చి బానిసలను విడిపిస్తే యుద్ధం తప్పేది కాదా?
– బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: యజమానులకు ఇచ్చి, చాకిరీ చేసినవారికి ఏమీ ఇవ్వకపోవడం న్యాయమా అన్న ప్రశ్నను అటుంచినా, లెక్క కుదరదు. 1833 చట్టంతో బ్రిటన్ తన వలసల్లోని సుమారు ఎనిమిది లక్షల మంది బానిసలను విడిపించి, వారి యజమానులకు రెండు కోట్ల పౌండ్లు ఇచ్చింది. అమెరికాలో 1860 నాటి బానిసల మార్కెట్ విలువ 300 కోట్ల డాలర్లకు పైమాటే. అప్పటి కేంద్ర ప్రభుత్వ ఏడాది ఖర్చు ఆరేడు కోట్లు. అంతకన్నా పెద్ద అడ్డంకి అధికారం. బ్రిటిష్ యజమానుల తోటలు సముద్రాల అవతల ఉండగా, అమెరికాలో యజమానులే ప్రభుత్వం. ప్రాతినిధ్యం లెక్కలో ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురిగా కలపాలన్న రాజ్యాంగ నియమం దక్షిణాదికి అదనపు సీట్లు ఇచ్చింది. 1789 నుంచి 1861 వరకు 72 ఏళ్లలో 49 ఏళ్లు అధ్యక్ష పదవిలో ఉన్నవారు దక్షిణాది బానిస యజమానులు.

అమ్మడానికి వారు సిద్ధంగా లేరనడానికి డెలావేర్ ఉదాహరణ చాలు. విడిపోకుండా యూనియన్‌తోనే (అమెరికా సమాఖ్యతోనే) ఉండిపోయిన ఆ చిన్న రాష్ట్రంలో 1860లో ఉన్న బానిసలు 1,798 మంది. 1861 చివరిలో లింకన్ వారందరి విడుదలకు కేంద్రం నుంచి సుమారు ఏడు లక్షల డాలర్లు ఇచ్చే పథకం తయారు చేయించాడు. అక్కడి శాసనసభలో మద్దతు కూడగట్టలేక ఆ బిల్లును దాని సమర్థకులే విరమించుకున్నారు. 1865 డిసెంబరులో పదమూడవ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చేదాకా డెలావేర్‌లో బానిసత్వం కొనసాగింది, పరిహారంగా ఒక్క డాలరూ రాలేదు. ఆ సవరణను ఆ రాష్ట్రం 1901లో గాని ఆమోదించలేదు.